ఆదివారం ఆగని లాగ్

పెని శవం టోంగా రాజధాని నుకుఅలోఫా రేవు బయట పగడపు దిబ్బ మీద దొరికింది. మత్తుమందు మోసే విదేశీ ముఠాను వెంటాడుతున్న ఏజెంట్ అతను. సంచిలో ట్యాబ్లెట్ ఉంది. అందులో ఏమీ లేదు.

"పడవలకు దారి చూపే ఈ యాప్ జరిగినదంతా మెమరీలో ఉంచుకుంటుంది. మూసినప్పుడే ఫైల్‌లో రాస్తుంది," అన్నాడు చీఫ్ హఫోకా. "వాళ్లు యాప్ మూయలేదు. పవర్ చంపేశారు. తర్వాత పెనిని."

సియాలే అతని కింద పనిచేసే ఏజెంట్. రేవు ఆఫీసు నుంచి ఆ యాప్ పంపే దారినే ఆమె తమ్ముడు లోపేతి గస్తీ పడవ నడుపుతున్నాడు. దారి మార్చగలవాళ్లు పడవను దిబ్బకు కొట్టించగలరు.

మరునాడు ఆమె ట్యాబ్లెట్లు బాగుచేసే మనిషి వేషంలో ఆఫీసులో చేరింది. యాప్‌లో రహస్యంగా ఒక లాగ్ కలిపింది. ఎవరు వేలు పెట్టినా, ఏ గుర్తు కదిపినా, ఆ క్షణమే ఫైల్‌లో ఒక వరుస పడుతుంది. ఫైల్ నిండితే ఇంకొకటి మొదలవుతుంది.

యాప్ కంపెనీ తరఫున ఆక్లండ్ నుంచి వచ్చిన వివియెన్ అక్కడే ఉండేది. ముత్యాల కమ్మలు, తొణకని నవ్వు. ముఠా కబుర్లు హఫోకాకు చేరవేసేది ఆమే. అతనికి ఆమె మీద గొప్ప నమ్మకం.

ఆదివారం లాగ్ ఆపేయమన్నాడు హఫోకా. "గస్తీకి తప్ప టోంగాలో ఆదివారం పని నేరం, ఎవరు చేస్తారమ్మా? బ్యాటరీ దండగ."

"ఇక్కడివాళ్లు చేయరు సార్," అంది సియాలే. ఆపలేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. ముందు వరుసలో పెని భార్య అక్కడి సంతాప ఆచారం ప్రకారం నల్లబట్టల మీద పెద్ద చాప చుట్టుకుని కూర్చుంది. ఆమె వెనక వివియెన్ తెల్లబట్టల్లో పాడుతోంది. కీర్తన ముగిసేసరికి వివియెన్ చోటు ఖాళీ.

సియాలే తలవంచుకుని బయటపడింది.

ఆఫీసు తాళం తీసి ఉంది. ట్యాబ్లెట్ చచ్చిపడి ఉంది. చార్జర్ పెట్టి ఫైల్ తెరిచింది. చివరి వరుసలు అక్కడే ఉన్నాయి. వివియెన్ లాగిన్. పడవకు కొత్త దారి, నేరుగా దిబ్బ మీదికి.

రేడియో ఆపరేటర్ కూడా చర్చిలోనే ఉన్నాడు. ఆమే మైకు అందుకుని ప్రమాదమని తెలిపే కోడ్ మాట చెప్పింది.

"పచ్చి కొబ్బరి. లోపేతీ, ట్యాబ్లెట్ చెప్పినట్టు పోకు. ఎడమకి తిప్పు."

"అక్కా? ఆదివారం పూట పనా? అమ్మకి చెప్తా ఉండు."

"తిప్పరా."

గరగర. ఇంజను మూలుగు. ఆపైన నిశ్శబ్దం.

తలుపు దగ్గర వివియెన్ నిలబడి ఉంది, చేతిలో చిన్న పిస్తోలు. "నేను పవర్ తీసేశానే," అంది, నిజంగానే అర్థంకాక.

"పెని దగ్గర కూడా తీశావు. అప్పుడు పనిచేసింది."

రెండు ఖాళీ చోట్లు చూసి చర్చి నుంచి వచ్చిన హఫోకా వెనకనుంచి ఆమె మణికట్టు విరిచాడు. గుండు పైకప్పులోకి పోయింది.

రేడియో గొంతు సవరించుకుంది. "దిబ్బ రాసుకుంటూ పోయాం అక్కా. రంగు ఊడింది. మనుషులందరం ఉన్నాం."

సియాలే మైకు కింద పెట్టింది.

హఫోకా సంకెళ్లు వేసి నేరాలు వినిపించాడు. పెని హత్య, ముఠా కోసం గూఢచర్యం. లాయరు రేపే బెయిల్ తెస్తాడంది వివియెన్.

"ఆదివారం పని చేసిన నేరం కూడా కలుపుతున్నాను," అన్నాడు హఫోకా. "దానికి ఈ ఊళ్లో జామీను సంతకం ఎవరు పెడతారో చూద్దాం."