ఎడమ సీటు కింద తడి

చిల్లకూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డులో, ఉప్పుటేరు మీద, ఏరు పొంగితే నీళ్ళు పైకెక్కే రాతి చప్టా ఒకటి ఉంది. వాన రాత్రి దాన్ని దాటాలంటే మగవాళ్ళు కూడా తోడు వెతుక్కుంటారు. అక్కడ ఎవరూ కేక వేయరు, తెల్లచీర కనపడదు, తలుపు కూడా తెరుచుకోదు. ఊరికే వచ్చి పక్కన కూర్చుంటాడట... ఇంటికి చేరాక చూస్తే ఎడమ సీటు కింద, కాళ్ళు పెట్టుకునే చోట, నీళ్ళుంటాయట.

ఆ కూర్చునేవాడికి పేరు కూడా పెట్టేశారు — మాల్యాద్రి.

రొయ్యల గుంటలు చేసేవాడు. రెండేళ్ళ కిందట తుఫాను రాత్రి గుంట గట్టు తెగిందని ఫోనొస్తే మోటారు సైకిల్ మీద బయల్దేరి, ఆ చప్టా మీదే ఏటి ఉరవడికి కొట్టుకుపోయాడు. మూడో రోజు మడచెట్ల వేళ్ళలో దొరికాడు. ఆ గుంటలకు మేత అమ్ముకుని బతికేవాణ్ణి నేను. ఏనాడూ నన్ను ఎండలో నిలబెట్టి మాట్లాడని మనిషి. అలాంటివాణ్ణి దెయ్యం చేసి కూర్చోబెట్టినందుకు ఈ జనం మీద నాకు ఒళ్ళు మంట.

అయినా నిజం దాచడమెందుకు... వాన రాత్రి నేనూ పక్క సీటు వైపు చూడకుండానే దాటతాను.

ఇప్పుడు చెప్పబోయే సంగతి నాకు చెప్పింది మెకానిక్ కామాక్షయ్య. అడ్డరోడ్డు దగ్గర ఆయన షెడ్డు. పాత ఫియట్లు, అంబాసిడర్లు ఎవరింట్లో మూలపడినా చివరికి అక్కడికే చేరతాయి.

ఈ ఏడు వానలు మొదలైన వారానికి మాల్యాద్రి కూతురు అనూష ఆయన దగ్గరికి వచ్చింది. గూడూరులో డిగ్రీ చదివే పిల్ల. తండ్రి ముచ్చటపడి కొనుక్కున్న పాత ఫియట్‌ను ఇప్పుడు తల్లి వనజాక్షి నడుపుతోంది.

"వాన పడితే చాలు మామా, అమ్మ కారు తీసుకుని చప్టా మీదికి పోతా ఉండాది. ఇంజను ఆపేసి కూర్చుంటాది. ఇంటికొచ్చినాక చూస్తే ఎడమ సీటు కింద నీళ్ళు..."

"అద్దాలు దించి ఉంటాదేమోమ్మా."

"అన్నీ బిగించే ఉంటాయి మామా." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "నాన్న వస్తా ఉండాడంటారు ఊళ్ళో. అమ్మ కాదనడం ల్యా."

కామాక్షయ్యకు దెయ్యం భయం కన్నా ఏటి భయం ఎక్కువ పట్టుకుంది. వానల్లో ఆ ఏరు ఎప్పుడు పొంగుతుందో ఎవరూ చెప్పలేరు. ఒక్క రాత్రి కాస్త ఆలస్యమైతే ఈ పిల్లకు తల్లి కూడా మిగలదు.

మర్నాడు పొద్దుగూకేసరికి వాన పట్టింది. ఇంజన్లో ఏదో శబ్దం ఉందట, బండి నడుస్తుండగా వినాలి అని సాకు చెప్పి, వనజాక్షితో బయల్దేరాడు. ఎడమ తలుపు మీద చెయ్యి వేశాడో లేదో—

"ఆడ కాదు కామాక్షయ్యా. వెనక కూర్చో."

కూర్చున్నాడు. దారి పొడుగునా వైపర్లు కిర్రు... కిర్రుమంటున్నాయి. ఎదురుగా ఒక్క బండి రాలేదు.

చప్టా వచ్చింది. కారు ముక్కు దించి దిగింది. నడిమధ్యకు వచ్చేసరికి ఎడమ పక్కకు ఒరిగింది — అక్కడ రాయి కుంగిపోయి ఉంది. ఆమె ఇంజను ఆపింది. లైట్లు ఆర్పింది.

చీకటి. రెండు పక్కలా నీళ్ళ చప్పుడు.

టప్...

కామాక్షయ్య ముందుకు వంగాడు. చప్పుడు బయట కాదు. లోపలే... ముందు సీటు దగ్గర.

టప్... టప్... ఆ తర్వాత ఒక్కసారిగా, తడిసిన పంచె ఎవరో పిండినట్టు, ధారగా.

"వచ్చినావా?" అంది వనజాక్షి. చాలా మెల్లగా... పక్కకు తిరక్కుండానే.

కామాక్షయ్య కళ్ళు మూసుకుని ఆంజనేయుణ్ణి తలుచుకున్నాడట. ఎంతసేపు గడిచిందో తెలీదు. కిందినుంచి టైర్లను నీళ్ళు తాకుతున్న చప్పుడు మొదలైంది.

"పోదాం పదండమ్మా... ఏరు పైకొస్తా ఉండాది."

ఆమె స్టీరింగు మీది చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా... నాకు పిల్లలుండారు."

అప్పుడు తాళం తిప్పింది. కారు చప్టా దాటి గట్టెక్కాక, "నిన్నెందుకు ఎక్కించుకున్నానా అని ఉండాది," అంది.

ఇంజను బాగోలేదని చెప్పి ఆ రాత్రి కారును షెడ్డులోనే ఉంచేసుకున్నాడు. తెల్లారగానే బకెట్‌తో అద్దం మీద నీళ్ళు పోసి, డాష్‌బోర్డు కింద తలపెట్టి లైటు వేసి చూశాడు.

దెయ్యం దొరికింది.

అద్దం కింద రేకులోంచి వైపర్ ఇరుసు బయటికి వచ్చేచోట ఒక రబ్బరు వాచరు ఉండాలి. పాత బండ్లలో అది ఎండి పగిలిపోతుంది, వాననీళ్ళు లోపలికి దిగుతాయి. ఎడమవైపు ఆ వాచరే లేదు. దాని బదులు తారులాంటి నల్లటి కీలు పూసి ఉంది — పడవ సందుల్లో నూలు కూరి పైన పూస్తారే, అది. మాల్యాద్రి తండ్రి సముద్రం మీద పడవ వేసినవాడు. కారుకు కూడా కొడుకు ఆ వైద్యమే చేశాడు. నీళ్ళలో నానే చెక్కకు కీలు పనికొస్తుంది గానీ, ఎండలో కాలే రేకు మీద, పైగా రోజూ తిరిగే ఇరుసు చుట్టూ, ఎన్నాళ్ళు నిలుస్తుంది? పగుళ్ళిచ్చింది. అందులోంచి దిగిన నీరు డాష్‌బోర్డు వెనక దట్టించిన అట్టలో నిలిచి, చప్టా మీద కారు ఎడమకు ఒరగగానే ధార కడుతోంది.

ఆ కీలు మీద మాల్యాద్రి బొటనవేలి ముద్ర ఇంకా చెరగలేదు.

కామాక్షయ్య సంబరంగా వనజాక్షికి కబురుపెట్టాడు. ఆమె వచ్చింది, వంగి చూసింది, ఆ ముద్ర మీద తన వేలు ఆనించింది.

"నాకు తెలుసు కామాక్షయ్యా. ఆయన కీలు పూస్తా ఉంటే లైటు పట్టుకున్నది నేనే గదా. రబ్బరు తెప్పిద్దామయ్యా అంటే, మా నాయన పడవకు లేని రబ్బరు దీనికెందుకే అని నవ్వినాడు."

కామాక్షయ్యకు అర్థం కాలేదు. "మరి రాత్రి... వచ్చినావా అని ఎవరిని అడిగినారమ్మా?"

"ఏటిని," అంది.

ఈ మాట కామాక్షయ్య చెప్పినప్పుడు నాకు, దెయ్యమే అయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. దెయ్యానికైతే తాయెత్తు కట్టించవచ్చు; ఏరొచ్చి తీసుకుపోవాలని కూర్చునే మనిషికి ఏం కట్టిస్తాం?

"అప్పుడేం చేసినావన్నా?"

"ఏం చేసేది అబ్బయ్యా... రబ్బరు మద్రాసు నుంచి రావాల, అదొచ్చేదాకా బండి బయటికి తీసేది కుదరదని చెప్పినా."

చప్టా నడిచిపోయేంత దగ్గర కాదు. ఆమె రోజూ షెడ్డుకు వచ్చి, రబ్బరు వచ్చిందా అని అడుగుతుంది. ఆయన రాలేదంటాడు, టీ తెప్పిస్తాడు. ఆమె పాత టైరు మీద కూర్చుని మెల్లగా తాగుతుంది. కాలేజీ బస్సు దిగి అనూష వచ్చి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోతుంది. మొదట్లో వనజాక్షి చెయ్యి విడిపించుకునేదట. ఇప్పుడు లేదు.

మొన్న నేను వెళ్ళేసరికి ఆమె అక్కడే ఉంది. స్పానర్లు తగిలించే మేకుకు ఒక చిన్న ప్లాస్టిక్ కవరు వేలాడుతోంది. లోపల రెండు కొత్త రబ్బరు వాచర్లు. కవరు మీద అప్పుడే దుమ్ము పేరుకుపోయింది.

"ఇదేం అన్నా, వచ్చేసి—"

కామాక్షయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అరవబాక," అన్నాడు గుసగుసగా. "ఇంకా వానలు పోలా."