తొలొగొన్ పిలిచే మలుపు

కొచ్కోర్ సంతకి వెళ్ళే దారిలో, కుడిచేతి పక్క గోరీలున్న మలుపు ఒకటుంది. మంచి మలుపు కాదు. ఎంత వాగుడుకాయలమైనా మా టాక్సీవాళ్ళం అక్కడ నోరు మూసుకుంటాం. జరిగింది నేను కళ్ళారా చూడలేదు, నా తోటి టాక్సీవాడు కెనెష్ చెప్పాడు. అబద్ధమాడితే వాడి చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు ఎర్రబడలేదు, నేను రెండు చెవులూ చూశాను!

కెనెష్ మేనత్త పేరు బాట్మా. ఆమె భర్త తొలొగొన్ రెండేళ్ళ కిందట పోయి, ఆ మలుపు గోరీల్లోనే పడుకున్నాడు. ఇంటి ముందు అతని పాత వోల్గా కారు మిగిలింది. బతికున్నన్నాళ్ళూ దాని మీద ఇంకో చెయ్యి పడనివ్వలేదు. మెకానిక్కులంతా దొంగలని, చిన్నా పెద్దా రిపేర్లన్నీ తనే చేసుకునేవాడు. ఆ పనితనం గురించి బాట్మా ఊరంతా గొప్పలు చెప్పేది.

మా వైపు గోరీల పక్కనుంచి పోయేటప్పుడు ఎవరైనా రెండు చేతులూ ఎత్తి, మొహం మీదుగా దించుకుని, పోయినవాళ్ళని తలుచుకోవాలి. డ్రైవరుకీ మినహాయింపు లేదు. ఆ ఒక్క క్షణం స్టీరింగు దేవుడి పూచీ.

ఒక రాత్రి కెనెష్ మేనత్తని ఆ కారులో ఎక్కించుకుని వెళ్తున్నాడు. మలుపు వచ్చింది. ఇద్దరూ చేతులెత్తారు...

స్టీరింగు దానంతటదే తిరిగింది.

కుడివైపుకి... గోరీల వైపుకి... మెల్లగా. తర్వాత— బాఁఁఁ... అని హారను. నొక్కినవాడు లేడు!

కెనెష్ గభాల్న స్టీరింగు పట్టుకుని బండిని రోడ్డు మీదికి లాగాడు. హారను ఆగింది.

"విన్నావురా?" బాట్మా గోరీల వైపే చూస్తూ అంది. "మీ మామయ్య..."

"గాలేమో అత్తా."

"గాలి హారను కొడుతుందట్రా, సన్నాసీ!"

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. తిరుగు ప్రయాణంలో మాత్రం బండి గోరీలకి వీపు తిప్పి, అవతలి పక్కకి పోయేది. బాట్మా రానందుకు తొలొగొన్ అలిగాడన్నారు ఊళ్ళో. ఇంకేముంది, బాట్మా ఖాయం చేసుకుంది. పిలుపు వచ్చింది, చలికాలం లోపు పోవాలి. పదకొండు గొర్రెల్ని పక్కింటివాళ్ళకి పంచేసింది. పరుపులు విప్పి ఉతికింది. తిండి మానేసి, గోడకి ఆనుకుని కూర్చుంది. గుర్రంలాంటి మనిషి నెల తిరిగేసరికి చిక్కిపోయింది. కెనెష్‌కి తల్లి లేదు, పెంచింది ఆమే. వాడికి రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు.

"ఒక్క కోరిక," అంది బాట్మా ఒకనాడు. "నా చావుకి వచ్చే జనం ముందు ఆ బండి కొత్తదానిలా మెరవాలి. విప్పి బాగుచెయ్యి. కానీ జాగ్రత్త— అది మీ మామయ్య చేతి పని."

కెనెష్ పని మొదలుపెట్టాడు. మొదట రంగు గీకాడు. రంగు కింద బొటనవేలి మందాన లప్పం. లప్పం కింద రేకు ఉండాలి కదా... లేదు! తుప్పు తినేసిన బొక్కలో ఏదో కుక్కి ఉంది. పట్టుకుని లాగాడు. వచ్చింది... ఇంకా వచ్చింది... పొట్టేలు కొమ్ముల్లాంటి ఎర్ర ముగ్గులున్న ఉన్ని తివాచీ, సగానికి సగం!

తలుపు దగ్గర కూర్చున్న బాట్మా మెడ సాచింది. "అది నా పెళ్ళి తివాచీ కదరా?"

కెనెష్ బండి కిందికి దూరాడు. డ్రైవరు కాళ్ళ కింద బండి అడుగు ఊడిపోతే, దానికి గుండ్రటి ఇనప రేకు అతికించి ఉంది, నడిమధ్య పిడితో సహా.

"అత్తా... ఇది వంట కడాయి మూతలా ఉంది."

బాట్మా లేచి నిలబడింది. ఒకరి ఆసరా లేకుండా లేవడం నెల రోజుల్లో అదే. ఒకప్పుడు ఆ మూత దొంగిలించిందని ఆడపడుచు కలీపాని నలుగురిలో నానా మాటలూ అంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆ గొడవంతా జరుగుతుంటే తొలొగొన్ పక్కనే కూర్చుని టీ తాగాడట, మహానుభావుడు!

"ఇంకా చూడు," అంది పళ్ళు బిగించి.

చూశాడు. ముందు చక్రం స్ప్రింగు విరిగితే, ఆ సందులో ఆమె రొట్టెల కర్ర దిగ్గొట్టి ఉంది. దాంతో బండి వంకరగా కూర్చుంది. చేతులు వదిలితే చాలు, కుడివైపుకి పోతుంది. స్టీరింగు కింద హారను తీగకి ఆమె పట్టు రుమాలు ముక్క చుట్టి ఉంది. అది చివికిపోయింది. పట్టుకునే చెయ్యి లేక స్టీరింగు అదురుతూ కుడికి తిరగగానే తీగ ఇనుముకి తగిలి... బాఁఁఁ! ఇక్కడ డ్రైవరు రెండు చేతులూ వదిలేది గోరీల దగ్గర ఒక్కచోటే కదా.

కెనెష్ బండి కిందనుంచి బయటికి వచ్చాడు. నిజం చెబితే ఆమె గొప్పలన్నీ మట్టిపాలు. చెప్పకపోతే మనిషే మట్టిపాలు. చెప్పేశాడు.

బాట్మా భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని కెనెష్ దగ్గరికి వెళ్ళాడు. ఏడవడం లేదు. కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతోంది!

"నాలుగు రొట్టెలు పెట్టరా, ఆకలేస్తోంది. గొర్రెల్ని వెనక్కి తోలుకురా. ఆ తర్వాత కలీపా ఇంటికి పోనియ్."

బండి బాగుచెయ్యడానికి వారం పట్టింది. స్ప్రింగు కొత్తది, తీగలు కొత్తవి, ఇంజను కూడా విప్పి బిగించాడు కెనెష్. కలీపా ఇంటికి బయల్దేరారు. చీకటి పడుతుండగా మలుపు వచ్చింది. ఇద్దరూ చేతులెత్తారు... బండి తిన్నగా పోయింది. హారను లేదు, చప్పుడు లేదు. కెనెష్ ఊపిరి వదిలాడు.

బాట్మా అద్దం దించి తల బయట పెట్టింది.

"తొలొగొన్! నా మూత నువ్వే తీశావా, లేదా? చెప్పు!"

టక్కున ఇంజను ఆగిపోయింది.

పెట్రోలు నిండుగా ఉంది. బాగుచేశాక ఒక్కసారీ ఆగని ఇంజను. చుట్టూ చీకటి... గాలి కూడా లేదు. కెనెష్ తాళం తిప్పాడు, ఇంజను పలకలేదు.

"అత్తా..." అన్నాడు గుసగుసగా. "ఇంజను పని మాత్రం మామయ్యది కాదు, నేను చేసిందే. ఎందుకాగిందో..."

"నాకు తెలుసు," అంది బాట్మా. "నలభై ఏళ్ళూ ఇంతే. తప్పు దొరికితే నోరు పెగలదు."

చలికాలం లోపు చనిపోవలసిన ఆ మనిషి కిందికి దిగి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, బండిని వెనకనుంచి తోసింది.