ఏడ్చేదెవరు, తొండి చేసేదెవరు

ఇనెస్ అవిలా మా కొట్లోకి మొదటిసారి వచ్చినప్పుడు బయట వాన దంచి కొడుతోంది. గొడుగు లేదు. చంకలో ఉన్న, వేరే ఎక్కడో కొన్న ఆట పెట్టెకు మాత్రం తన రెయిన్‌కోటు విప్పి చుట్టింది. పెట్టె పొడిగా ఉంది, తను తడిసి ముద్దయింది. అలాంటి మనిషిని చూస్తే ఎవరైనా ముచ్చటపడాలి. నేనూ పడేవాణ్ణే, ఆ పెట్టెను బల్ల మీద దబ్బున పడెయ్యకపోతే.

"ఎనిమిదేళ్ళ నుంచి ఎనభయ్యేళ్ళ దాకా ఎవరైనా ఆడొచ్చని రాసుంది. రాసినవాడికి పిల్లలున్నారా?" అని అడిగింది.

"తెలీదండీ. ఏమైంది?"

"మా ఇంట్లో ముగ్గురున్నారు. ఒకడు ఏడ్చాడు, ఒకడు గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు, ఒకతి తొడ కింద రెండు కార్డులు దాచింది. ఎనభయ్యేళ్ళవాళ్ళు మా ఇంట్లో లేరు. ఉంటే వాళ్ళూ ఏడ్చేవాళ్ళే."

నాకు నవ్వొచ్చింది. నవ్వకూడని చోట నవ్వడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఆమె నా వైపు చూసిన చూపుకు తడి జుట్టు కూడా ఆరిపోయి ఉండాలి.

కెనడాలోని గాల్ట్ ఊళ్ళో, గ్రాండ్ నది మీది వంతెన దిగగానే ఉన్న ఆ బోర్డు గేముల కొట్టు మా సలోమీ అత్తయ్యది. నేను అందులో ఆరేళ్ళుగా పని చేస్తున్నాను. అత్తయ్యకు పెట్టె మీద అచ్చేసిన వయసు అంటే నమ్మకం లేదు. కొనడానికి వచ్చినవాళ్ళను పిల్లల వయసులు కూడా ముందుగా అడగదు. మూడే ప్రశ్నలు వేస్తుంది. ఆడుతుంటే ఏడ్చేదెవరు, మధ్యలో లేచేదెవరు, తొండి చేసేదెవరు? జవాబులు పెన్సిల్‌తో ఒక నోటుబుక్కులో రాసుకుని, అప్పుడు అర దగ్గరకు వెళుతుంది. నాకూ అదే నేర్పింది.

నోటుబుక్కు తీసి రాశాను. ఏడ్చేది ఆరేళ్ళ టియాగో. లేచేది పదిహేడేళ్ళ రఫా. తొండి చేసేది పన్నెండేళ్ళ బియాంక. ఇనెస్ అందరికన్నా పెద్దది, ఇరవై నాలుగు.

"మరి మీరేం చేస్తారు?" అని అడిగాను.

"తీర్పులు చెప్తాను," అంది. దాన్ని కూడా రాసుకున్నాను, ఎందుకో తెలియకుండానే.

వాన తగ్గేదాకా ఆమె కొట్లోనే నిలబడింది. అప్పుడే విషయమంతా చెప్పింది. వాళ్ళ నాన్న ఆల్బర్టాకు చమురు పనికి వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. అమ్మ పరుపుల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు చేస్తుంది, ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోతారు. సాయంత్రాలన్నీ ఇనెస్‌వే. ఆమె చదివింది ఓడ నడిపే చదువు. తరగతులు పూర్తయ్యాయి, ఇక సముద్రమంత సరస్సుల్లో తిరిగే సరుకుల ఓడ ఎక్కి కొన్ని నెలలు పని నేర్చుకోవాలి. నిరుడు పిలుపు వచ్చింది. తను లేకుండా పిల్లలు ఎలా ఉంటారో చూద్దామని స్నేహితురాలి ఇంట్లో వారం ఉండబోయింది. మూడో రోజుకే ఇంట్లో యుద్ధం. ఓడవాళ్ళకు రానని చెప్పేసింది. ఇప్పుడు మళ్ళీ పిలిచారు. ఆగస్టు పదిహేనులోపు జవాబివ్వాలి. ఈసారి కూడా కాదంటే ఇక పిలవరు.

"వాళ్ళకి వంటొచ్చు, బస్సెక్కడం వచ్చు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే రాదు. భోజనాలయ్యాక ఒక్క గంట, ముగ్గురూ ఒకే బల్ల దగ్గర నేను లేకుండా కూర్చుంటే చాలు. అలాంటి ఆట ఏదైనా ఉంటే ఇవ్వండి. లేదంటే లేదని చెప్పండి," అంది.

ఉందని చెప్పాను. పాతికేళ్ళ వయసులో ఏ మగవాడైనా అదే చెబుతాడు.

ఆ మొదటి శనివారమే అందరూ ఒకే జట్టుగా ఆడేది ఇచ్చాను. మునిగిపోతున్న దీవి నుంచి అంతా కలిసి తప్పించుకోవాలి, గెలిచినా ఓడినా అందరూ కలిసే. వారం తిరిగేసరికి పెట్టె వెనక్కి వచ్చింది. రఫా అందరి పావులూ తనే జరిపాడట. బియాంక దీవిలోనే మునిగిపోతానని భీష్మించుకుందట. రెండో శనివారం బొమ్మలు గుర్తుపెట్టుకునే కార్డులు ఇచ్చాను. అందులో టియాగో పెద్దవాళ్ళిద్దరినీ వరసగా ఐదుసార్లు చిత్తు చేశాడు. అది చంటిపిల్లల ఆట అని రఫా లేచిపోయాడు. తర్వాతి రెండు శనివారాల ఆటలకూ అదే గతి పట్టింది.

ఆమె ప్రతి శనివారం పదకొండు గంటలకు వచ్చేది. నేను ప్రతి శనివారం పదిన్నరకు చొక్కా మార్చుకునేవాణ్ణి. అత్తయ్య చూసీ చూడనట్టు అరలు తుడుచుకునేది. ఇనెస్ వాళ్ళ అమ్మ చేసిన తియ్యటి రొట్టె తెచ్చేది, నేను బేకరీ నుంచి బటర్ టార్టులు తెచ్చేవాణ్ణి. నన్ను "ఓడిపోయిన నిపుణుడుగారూ" అని పిలిచేది. నేను ఆమెను "న్యాయమూర్తిగారూ" అనేవాణ్ణి. మీరు అనడం ఎప్పుడు మానేశామో ఇద్దరికీ గుర్తు లేదు.

ఐదో శనివారం నాటికి నాకు ఒక సంగతి తట్టింది. నేను సరైన ఆట ఇచ్చిన రోజున ఈ అమ్మాయి ఓడ ఎక్కి వెళ్ళిపోతుంది. ఇవ్వకపోతే వచ్చే శనివారం పదకొండింటికి మళ్ళీ వస్తుంది.

ఇక్కడ నేను చేసిన పనికి నాకిప్పటికీ సిగ్గే. పై అరలోంచి ఒక వ్యాపారుల ఆట తీసి ఇచ్చాను. అందులో ఒకరిని ఒకరు మోసం చేసుకోవాలి, మాట ఇచ్చి తప్పాలి, ఓడినవాణ్ణి ఆటలోంచి వెళ్ళగొట్టాలి. పెళ్ళైన వాళ్ళు కూడా దాన్ని ఆడి రెండు రోజులు మాట్లాడుకోరు. "పెట్టె మీద వయసు పట్టించుకోకు, అదంతా అబద్ధం," అన్నాను. ఆమె పెట్టెను ఒకసారి చూసింది, నా వైపు ఒకసారి చూసింది, తీసుకుని వెళ్ళింది.

ఆమె బుధవారమే తిరిగి వచ్చింది. రొట్టె లేదు, వేళాకోళం లేదు. రఫా, బియాంక చేయి కలిపి టియాగోను మొదటి పావుగంటలోనే ఆటలోంచి తోసేశారట. వాడు ఏడవలేదు, పావులన్నీ తీసుకెళ్ళి స్నానాల తొట్టిలో నీళ్ళల్లో పోశాడట. అప్పటి నుంచి ముగ్గురూ ఎవరి గదిలో వాళ్ళే తింటున్నారు.

"నీ తప్పేం లేదులే. నువ్వు చెయ్యగలిగింది చేశావ్. శుక్రవారం ఓడవాళ్ళకి రానని రాసేస్తాను," అని తడిసిన పెట్టె బల్ల మీద పెట్టింది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయింది. నేను పెట్టె వంకే చూస్తూ నిలబడ్డాను.

అత్తయ్య వచ్చి నోటుబుక్కు తెరిచింది. ఆ ముగ్గురి జవాబులు చదివింది, ఆ ఆట పేరు చూసింది, కళ్ళజోడు తీసి నా మొహం చూసింది. ఆరేళ్ళుగా పని చేస్తున్నవాడు పొరపాటున ఇచ్చే ఆట కాదని ఆమెకు తెలుసు. వెనక గదిలోకి వెళ్ళి మా తాతయ్య చేసిన క్రోకినోల్ బోర్డు మోసుకొచ్చింది.

"వెళ్ళి ముందు నిజం చెప్పు. తర్వాత ఇది ఇవ్వు. ఆ తర్వాత వాళ్ళు నిన్ను గెంటేస్తే నోరు మూసుకుని తిరిగిరా," అంది.

క్రోకినోల్ మా ప్రాంతంలో పాత కాపుల ఇళ్ళన్నింట్లోనూ ఉంటుంది. క్యారమ్ బోర్డుకు గుండ్రటి చుట్టం అనుకోండి. మధ్యలో ఒకటే గుంట, దాని చుట్టూ చిన్న మేకులు, వేలితో బిళ్ళను కొట్టడమే. చదవడం అక్కర్లేదు, వయసు అక్కర్లేదు. ఒకే ఒక్క కఠినమైన నియమం ఉంది. కొట్టేటప్పుడు కుర్చీ జరపకూడదు, కనీసం ఒక పిర్ర దానికి ఆనే ఉండాలి. చర్చి పెద్దలు కూడా ఈ విషయంలో పోట్లాడుకోవడం నేను చూశాను. ఇంత కాలం దాన్ని ఎందుకు ఇవ్వలేదంటే, కొట్లో అమ్మేది కాదు కాబట్టి అని అత్తయ్యకు చెప్పాను. అసలు కారణం ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళేసరికి మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. ఇనెస్ వరండా మెట్ల మీద కూర్చుని కేల్ ఆకుకూర తుంచుతోంది. తలుపు దగ్గర నిలబడ్డ రఫా, నా చేతుల్లోని బోర్డు చూసి, ఏమిటన్నా అది అని అడిగాడు. అత్తయ్య చెప్పిన వరస తప్పి, ముందే లోపలికి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. పిర్ర నియమం చెప్పగానే టియాగో పడి పడి నవ్వాడు. నవ్వు విని బియాంక గదిలోంచి వచ్చింది. ముగ్గురి చేతుల్లో బిళ్ళలు పెట్టి నేను బయటకు వచ్చేశాను.

"లోపలెవరున్నారు చూడ్డానికి?" అని అడిగింది ఇనెస్.

"ఎవరూ లేరు. నీకొకటి చెప్పాలి." పక్కన కూర్చుని, మాటలు వెతుక్కోకుండా చెప్పేశాను. "ఆ వ్యాపారుల ఆట తెలిసే ఇచ్చాను. కొట్టుకుంటారని తెలుసు. నువ్వు మళ్ళీ శనివారం రావాలని ఇచ్చాను."

ఆమె చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. నా వైపు తిరగలేదు. చినుకులు వరండా రేకు మీద టపటపమంటున్నాయి. గెంటేస్తుందనుకుని లేవబోయాను.

అంతలో లోపల గొడవ మొదలైంది. బియాంక గొంతు ఖంగుమంది. టియాగో కుర్చీ మీద మోకాళ్ళేసుకుని కొట్టాడు, అది తొండి అంటోంది. వాడి గొంతులో ఏడుపు ఉరుముతోంది. ఇనెస్ చటుక్కున లేవబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"కూర్చో. ఒక పిర్ర ఆనే ఉండాలి. ఇక్కడా అదే రూలు."

నిప్పులు చెరిగే కళ్ళతో నన్ను చూసింది కానీ కూర్చుంది, మెట్టు అంచు మీద. ఇద్దరం చెవులు రిక్కించాం.

"ఆగవే బియా. వాడికి చెయ్యి అందదు కదా. వాడికి పిర్ర బదులు మోకాలు. ఏరా, మోకాలు ఎత్తావంటే నీ బిళ్ళ నాది," అన్నాడు రఫా.

"మరి నాకేంటి?" అంది బియాంక.

"తొండి ఎలా చేస్తారో నీకే బాగా తెలుసు. పట్టుకునే పని నీది."

బిళ్ళకు బిళ్ళ తగిలిన చప్పుడు. ఆ వెంటనే టియాగో కేక, గుంటలో పడిందని. ఆ కేక మీద ఇంకో రెండు నవ్వులు.

ఇనెస్ పెదవి కొరుక్కుంది. కళ్ళ నిండా నీళ్ళు.

"నన్ను పిలవలేదు, రూబెన్. అక్కా అని ఒక్కళ్ళు కూడా పిలవలేదు," అంది. సంతోషమో బాధో ఆమెకే తెలియనట్టుంది. ఆకు గిన్నెలో వేసి మళ్ళీ అంది. "ఆ వ్యాపారుల ఆట పెట్టె మీద పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళకే అని ఎర్రగా రాసుంది. నాకు చదువొచ్చు. నువ్వెందుకు ఇస్తున్నావో అర్థమయ్యే తీసుకెళ్ళాను. నాకు ఓడంటే భయం. వెళ్ళలేకపోతే పిల్లల వల్లే అని చెప్పుకోవచ్చు కదా అనుకున్నాను. నిరుడు కూడా వాళ్ళ గొడవ కన్నా నా భయమే ఎక్కువ."

ఇద్దరం కలిసి ఆరేళ్ళ పిల్లాడి మీద ఎంత పెద్ద తొండి చేశామో అప్పుడు తెలిసింది.

"నువ్వు వెళ్ళాలి. నువ్వంటే నాకు ప్రేమ. అయినా వెళ్ళాలి. ఈ రెండూ ఒకేసారి చెప్పడం తెలివితక్కువతనమని తెలుసు," అన్నాను.

"వెళ్తానని రేపే రాస్తాను. రెండోదానికి జవాబు ఓడెక్కాక చెప్తాను. ఇప్పుడు చెబితే ఎక్కను." ఆకుల గిన్నె నా ఒళ్ళో పెట్టి, మిగతావి తుంచమంది.

ఆమె సెప్టెంబరు మొదటి వారంలో వెళ్ళింది. వారంలో మూడు రోజులు కొట్టు మూయగానే నేను వాళ్ళింటికి వెళుతున్నాను. నలుగురుంటే జట్లు కుదురుతాయని బియాంక లెక్క. నన్ను ఎప్పుడూ టియాగోతో కలుపుతుంది, అది కూడా ఏదో ఎత్తుగడే.

అక్టోబరులో ఒక ఆదివారం ఇనెస్ ఓడ రెండు సరస్సులను కలిపే వెల్లండ్ కాలువ గుండా ఎగువకు వెళుతుందని తెలిసి, పిల్లల్ని కారులో ఎక్కించుకుని సెయింట్ కాథరిన్స్ వెళ్ళాను. అక్కడ కాలువలో పెద్ద పెద్ద తలుపుల మధ్య ఓడను నిలిపి, నీళ్ళు నింపి, పైకి లేపుతారు. కటకటాల దగ్గర నిలబడి చూస్తే మొదట ఆమె పసుపు రంగు టోపీ కనబడింది, తర్వాత మొహం, తర్వాత చేతిలో తాడు. ఎండకు నల్లబడింది. నీళ్ళతో పాటు అంగుళం అంగుళం మా ఎత్తుకు వచ్చింది.

ముగ్గురూ ఒకేసారి అరిచి చెప్పడం మొదలెట్టారు. బియాంక ఏడు కొత్త రూళ్ళు పెట్టింది. రఫాకు ఎడమ చేత్తో కొట్టడం వచ్చింది. టియాగోకు పన్నూడింది. ఎవరిది తప్పో చెప్పమని ఒక్కరూ అడగలేదు. ఆమె అందరికీ నవ్వుతూ తల ఊపింది, గడ్డం దాకా జారిన కన్నీళ్ళు తుడుచుకుంది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఓడెక్కాను కదా," అని అరిచింది. "జవాబు అవును. మొదటి శనివారం నుంచీ అవునే."

ఆమె పక్కనున్న ముసలి నావికుడెవరో తాడు వదిలేసి చప్పట్లు కొట్టాడు. కటకటాల దగ్గర ఓడలు చూడటానికి వచ్చిన జనమంతా నా వైపు తిరిగారు. చెయ్యి ఎత్తి ఊపాను, అంతే.

తలుపులు తెరుచుకుంటున్నాయి. ఓడ మెల్లగా కదిలింది. ఆమె తాడు చుట్టుకుంటూనే వెనక్కి తిరిగి మళ్ళీ అరిచింది.

"బల్ల దగ్గర నా కుర్చీలో కూర్చుంటున్నావట. లేవకు. క్రిస్మస్‌కి వచ్చేటప్పుడు నాకు ఇంకో కుర్చీ తెచ్చుకుంటాను."