అరువు మూలుగు

"నూకరత్నం గారూ, శుభోదయం. ఈ పూట మీ వేదన నూటికి పదకొండు. సంతోషం! భోజనం కాగానే మీరు ఇంటికి వెళ్లవచ్చు," అంది మంచానికి పైనున్న వేదనామాని యంత్రం, పేరంటానికి పిలవడానికొచ్చినంత తీయగా.

నూకరత్నానికి ఒళ్లు మండింది. అసలు మండుతున్నది కాలు. సముద్రపు గోడ కట్టేచోట బండరాయి పడి మోకాలి కింద ఎముక విరిగింది. కట్టు కట్టారు. నిన్నటి నుంచి ఆ కట్టు లోపల ఎవరో కుంపటి రాజేసినట్టుంది.

"ఎలా ఎల్తానండీ? కాలు లోపల కాలిపోతంది. డాక్టరమ్మని పిలవండి."

"క్షమించండి. మాటలు లెక్కలోకి రావు."

అవును, రావు. ఒకప్పుడు ఈ ప్రభుత్వాసుపత్రిలో సిఫార్సు ఉన్నవాడికి ముందు వైద్యం, గొంతు పెంచినవాడికి తర్వాత, మిగిలినవాళ్లకు వరండా. ఆ అన్యాయం పోగొట్టడానికే వేదనామాని వచ్చింది. ముఖంలో ముడతలు, ఊపిరి తీరు, మూలుగు పట్టి చూసి ఎవరి బాధ ఎంతో అదే తేలుస్తుంది. ఎక్కువ బాధ ఉన్న మంచానికే డాక్టరును పంపుతుంది. సిఫార్సుల పీడ విరగడైందని జనం పండగ చేసుకున్నారు, నూకరత్నం కూడా. ఇప్పుడేమో ఒంటికి జ్వరం ఇంకా తగల్లేదు గనుక జ్వరం చూసే యంత్రమూ ఆమె గోడు వినలేదు.

పాపం, వేదనామానికి నూకరత్నం మొహం సంగతి తెలియదు. ఉప్పాడ తీరం బురదలో ఎంత పెద్ద యంత్రమైనా దిగబడిపోతుంది. అందుకని గోడరాళ్లను ఇప్పటికీ నలుగురేసి మనుషులు కర్రలకు కట్టి మోస్తారు. ముందు కర్ర పట్టిన మనిషి వెనక్కి నడుస్తుంది. మిగతా ముగ్గురూ ఆమె మొహమే చూస్తూ అడుగేస్తారు. ఆ మొహం చిట్లితే వాళ్ల కాళ్లు తడబడతాయి, రాయి ఎవరి ప్రాణానికో వస్తుంది. నూకరత్నం ఏళ్ల తరబడి ముందు కర్ర మనిషి. రాయి తన కాలి మీదికి జారినప్పుడు సైతం, వాళ్లు కర్ర దించి పక్కకు తప్పుకునేదాకా ఆమె కనురెప్ప కదల్లేదు.

పక్క మంచం సుగుణమణి నాటకాల మనిషి. చెయ్యి విరిగి వచ్చింది. ఇదంతా చూసి ఆమెకు తలప్రాణం తోకకొచ్చింది.

"ఓసి నీ అఘాయిత్యం కూలా! ఆ మొహమేంటే, ఇస్త్రీ చేసినట్టు? నుదురు ముడుచుకో. పెదవి వణికించు. 'అమ్మో' అనవే!"

నూకరత్నం ప్రయత్నించింది. కొత్త బరువెత్తినప్పుడల్లా చేసినట్టే ఊపిరి బిగబట్టింది. పదకొండు కాస్తా తొమ్మిదయింది.

"నావల్ల కాదు పిన్నీ," అంది. తర్వాత కోపం ముంచుకొచ్చింది. "అయినా ఎందుకు ఏడవాలంట? లేని నొప్పా ఇది? ఉన్న నొప్పికి ఏసం కట్టాలా? ఏడిస్తేగానీ చూడనంటే నేనేడవను. ఇక్కణ్ణించి కదలను కూడా. ఎవడొస్తాడో రానీ!"

భోజనాలయ్యాక మోతబండి వచ్చింది. మనిషి లేని బండి. ఇనప చేతులు చాచి ఆమెను ఎత్తబోయింది. నూకరత్నం మంచం కమ్మీని రెండు చేతులా ఒడిసి పట్టుకుంది. కాలు ఊగి కళ్లు బైర్లు కమ్మాయి. మొహం మాత్రం అలాగే ఉంది.

"తొమ్మిది," అంది వేదనామాని ఆప్యాయంగా.

"నీ నోట్లో మన్నెయ్య!" అని లేచి కూర్చుంది సుగుణమణి. మరుక్షణం గుండెలవిసేలా మూలిగింది. "అమ్మో! చచ్చిపోతన్నానమ్మో!" అటు పక్క ముసలామె ఒక్క క్షణం తెల్లబోయింది. సంగతి అర్థమై తనూ అందుకుంది. ఆపైన వార్డు వార్డంతా మూలిగింది. మోతబండి దారి తోచక ఆగిపోయింది. ప్రతి మంచం పైనా తొంభైలు వెలిగాయి. ఏదో ఘోరం జరిగిందనుకుని వేదనామాని డాక్టరును పిలిచింది.

డాక్టర్ హిమజ పరుగున వచ్చింది. "ఏమైంది? ఎవరికి?"

మూలుగులు ఆగాయి. అన్ని చేతులూ నూకరత్నం వైపే చూపించాయి.

"ఈవిడకా? తొమ్మిదేగా!"

"మీరు చెయ్యేసి చూడండమ్మా," అంది సుగుణమణి.

హిమజ కొంచెం తటపటాయించింది. అంకె చూడకుండా రోగిని తాకి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. కట్టు మీద అరచెయ్యి ఆనించింది. వెంటనే కత్తెర తీసుకుంది. కట్టు విప్పేసరికి చీము వాసన గుప్పుమంది.

"ఇంకొక్క రోజు ఆలస్యమైతే కాలు తీసేయాల్సి వచ్చేది. నొప్పని చెప్పొద్దా అమ్మా?"

"పొద్దున్నించీ చెబుతూనే ఉన్నానండి," అంది నూకరత్నం.

కాలు దక్కింది. ఆ కబురు మిగతా వార్డులకూ పాకింది, అక్కడా ఒకరి కోసం ఒకరు మూలగసాగారు. ఎవరి మూలుగు ఎవరి కోసమో యంత్రానికి అంతుచిక్కలేదు. ఒకరి నొప్పికి ఇంకొకరు మూలుగుతారని దాన్ని చేసినవాళ్లు కలలోనైనా అనుకోలేదు మరి. డాక్టర్లు మళ్లీ మంచం మంచానికీ వచ్చి అడగక తప్పలేదు.

అయినా అన్నిసార్లూ రారుగా! ఓ సాయంత్రం ఎదుటి మంచంలోకి నడుం దెబ్బతిన్న కొత్త కోడలు వచ్చింది. పక్కనే అత్తగారు. పిల్ల దుప్పటి అంచు పిడికిట్లో నలిపేస్తూ, పంటి బిగువున నవ్వుతోంది.

"వేదన ఆరు. సంతోషం!" అంది వేదనామాని.

నూకరత్నం ఆ పిడికిలినే చూసింది. పుట్టి బుద్ధెరిగాక తన కోసం ఒక్కసారైనా మూలగని మనిషి నోరు తెరిచింది. మొదటి మూలుగు పక్క మంచం దాకానే వినబడింది.

"ఎత్తవే గొంతు!" అంది సుగుణమణి.

"అమ్మో! నా నడుమో!"

తొంభై నాలుగు. హిమజ పరుగెత్తుకొచ్చింది. "నూకరత్నం! నీకేమైంది?"

"నాకేం కాలేదండి," అంది నూకరత్నం, మొహం కదలకుండా. "ఆ పిల్లని చూడండి."