కింది గదిలో ఫ్యాన్ ఆపొద్దు

సాయంత్రం ఏడు. పొద్దుటినుంచీ వదలని ముసురు. వీధిలో అప్పుడే చీకటి.

మా అమ్మాయి వయొలిన్ పెట్టె భుజాన వేసుకుంది. నేను కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే అడిగాను, చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలు ఉన్నాయా అని. జేబు తట్టి చూపించింది.

"ఇంకో మాట..."

"ఫ్యాన్ ఆపనివ్వనమ్మా. తెలుసు."

ఆ గదికి అంత చెడ్డపేరు.

ఫంక్షన్ హాలు కింద, మెట్లు దిగితే వస్తుంది. కిటికీ లేదు. చప్పుడు బయటికి పోకుండా గోడలకి పాత పరుపులు కొట్టి, పైన నల్లగుడ్డ బిగించారు. మా అమ్మాయి వాళ్ళ ఆర్కెస్ట్రా ప్రాక్టీసు అక్కడే. ఊడ్చే ఆవిడ పగలు కూడా ఒంటరిగా దిగదు. వాచ్‌మన్ తాళంచెవి మెట్ల పైనుంచే విసురుతాడు. ఏమయ్యా అంటే ఒకటే మాట — ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ ఏమీ కాదు. ఆపితే వినిపిస్తుంది.

ఏం వినిపిస్తుంది? ఈల అంటారు కొందరు. తీగ మోత అంటారు కొందరు. పూర్తిగా విన్నవాళ్ళెవరూ నాకు తగల్లేదు. సగంలోనే మెట్లెక్కేశారు అందరూ.

నాకు ఆ మోత ఎవరిదో తెలుసు.

ఆ ఆర్కెస్ట్రాలో ఒక డ్రమ్స్ ఆయన ఉండేవాడు. అందరూ 'నెమ్మది గారు' అని పిలిచేవాళ్ళు. వెక్కిరింపుగా పెట్టిన పేరే. చప్పుడు కొంచెం పెరిగితే చాలు, చెయ్యెత్తి "నెమ్మది... నెమ్మది" అనేవాడు. డ్రమ్స్ వాయించేవాడు నెమ్మది అంటే నవ్వరూ మరి! ఆయన నవ్వించుకునే చెప్పేవాడు. చెవి పోతే కొత్తది దొరకదర్రా అనేవాడు. మైనం, దూది కలిపి బిరడాలు ఆయనే చేసుకునేవాడు. పాట పాటకీ తీసి ఎక్కడో పెట్టి మర్చిపోతున్నానని, ఓసారి మా ఇంటికొచ్చి నన్ను గట్టి దారం అడిగాడు. సంచులు కుట్టే ఆకుపచ్చ దారం ఉంటే ఇచ్చాను. రెండు బిరడాలూ దానికి కట్టి మెళ్ళో వేసుకున్నాడు.

"అమ్మా, పిల్లకి కూడా అలవాటు చెయ్యండి," అని వెళ్ళేటప్పుడు అన్నాడు. "నాకు ఆలస్యమైంది."

ఆర్కెస్ట్రా నడిపే మాస్టర్‌కి ఈ బిరడాలంటే మంట. చప్పుడు పెంచడం, తగ్గించడం ఆయన చేతిలోదే. సౌండు బోర్డు ముందు కూర్చుని మీటలు తిప్పుతుంటాడు. ఓ రోజు నెమ్మది గారు బిరడాలు తీసి, స్పీకరు పక్కన వంగి పెడలు బిగించుకుంటున్నాడు. మాస్టర్ అందరికీ కన్ను గీటి, మైకు ఆ స్పీకరు ముందుకి తోసి, మీట చివరిదాకా నెట్టాడు.

ఆటకేనట. స్పీకరు కీచుమన్న కూతకి పైన హాల్లో వాళ్ళు కూడా ఉలిక్కిపడ్డారట.

ఆ రోజు మొదలు ఆయన చెవిలో మోత ఆగలేదు. నిశ్శబ్దంగా ఉంటే మరీ ఎక్కువ. ఇంట్లో నిద్రపట్టక, ఆ గదికి వచ్చి పెద్ద ఫ్యాను వేసుకుని దాని హోరులో పడుకునేవాడు. ఒకరోజు పొద్దున లేవలేదు. గుండె ఆగిందన్నారు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. మెళ్ళో ఆకుపచ్చ దారం అలాగే ఉంది. వాళ్ళక్క దాన్ని తియ్యనివ్వలేదు. దాంతోనే సాగనంపారు. నేను చూశాను.

మాస్టర్ ఇంకో డ్రమ్స్ మనిషిని పెట్టుకోలేదు. డ్రమ్స్‌కి బదులు దానంతటదే తాళం వాయించే కరెంటు పెట్టె ఒకటి కొన్నాడు. ఇది నెమ్మది అనదు అన్నాడట.

తర్వాత మా అమ్మాయి వంతు. ఎడమ చెవిలో సన్నగా మోత మొదలైంది. డాక్టరు దాచకుండా చెప్పింది. ఈ మోత పోదు, దాంతో బతకడం నేర్చుకోవాలి. మిగిలిన వినికిడిని కాపాడుకోవాలి. ఇంకొక్క పెద్ద కూత పడిందా, ఆ చెవి మీద ఆశ వదులుకోండి అంది. వయొలిన్ ఆనించే వైపు చెవి అది. మా పిల్లకి వేరే పని రాదు.

నేను మాస్టర్ దగ్గరికి వెళ్ళాను. పిల్లని బిరడాలు పెట్టుకోనివ్వండి అని అడిగాను. నిలబెట్టే మాట్లాడాడు.

"జాకెట్టు ఎలా కుట్టాలో నేను మీకు చెప్తున్నానా తల్లీ?"

ఆ మాటకి బోర్డు పక్కనున్న ఎవరో నవ్వారు. నేను మెట్లెక్కి వచ్చేశాను. ఆ రోజు నా మనసులో ఏం కోరుకున్నానో ఇక్కడ రాయను.

ఇక ఆ ముసురు రోజు సంగతి. మా అమ్మాయి చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

వచ్చినవాళ్ళు నలుగురు. పాట పాడే అమ్మాయి — మావాళ్ళంతా పాటలక్క అంటారు. గిటారు వాయించే పొడుగు కుర్రాడు. కీబోర్డు తాతయ్య. మా అమ్మాయి. మాస్టర్ ముందే వచ్చి కూర్చున్నాడు. ఎవరికో పంపడానికి ఆ రోజు పాట రికార్డు చెయ్యాలట. ఒక డబ్బా చాపి, బిరడాలన్నీ ఇందులో వెయ్యండి అన్నాడు. రికార్డింగు రోజు చెవులు మూసుకున్నవాడు రేపటినుంచి రానక్కర్లేదు అన్నాడు.

అందరూ వేశారు. మా అమ్మాయి కూడా. మూత పెట్టి డబ్బా తన సంచిలో దోపుకున్నాడు.

తర్వాత ఫ్యాన్ స్విచ్చి దగ్గరికి నడిచాడు. దాని హోరు రికార్డులో పడుతుంది కదా.

"మాస్టారూ, అది వద్దు," అంది పాటలక్క.

"ఏం, దెయ్యానికి ఉక్కపోస్తుందా?"

టక్.

రెక్కలు నెమ్మదించాయి... ఆగాయి. ఆ గదిలో అంత నిశ్శబ్దం తనెప్పుడూ వినలేదంది మా అమ్మాయి.

శ్రుతి చేసుకోవడం మొదలుపెట్టారు. ఎప్పుడూ కీబోర్డు స్వరం ఇస్తుంది, మిగతావాళ్ళు దానికి కలుపుకుంటారు. అది వాళ్ళ పద్ధతి. స్వరం నిలకడగా వస్తోంది. మా అమ్మాయి తీగ బిగించి కలిపింది. పొడుగు కుర్రాడు కలిపాడు. పాటలక్క దాని మీదే గొంతు సవరించుకుంది.

మాస్టర్ చెయ్యి ఊపాడు. పాట ఎత్తుకున్నారు. కీబోర్డు వచ్చి చేరింది—

ఘోరంగా ఉంది. ముగ్గురూ ఒకచోట, కీబోర్డు ఒకచోట.

తాతయ్యకి వయసైపోయిందని మాస్టర్ ఎత్తిపొడిచాడు. తాతయ్యకి కోపమొచ్చింది. నా వయసు పెరుగుద్దేమోగానీ కీబోర్డుకి శ్రుతి జారడం ఉండదయ్యా అన్నాడు. తప్పు వాళ్ళదే అన్నాడు.

"మీరిచ్చిన స్వరానికే కదా తాతయ్యా కలిపాం?" అంది మా అమ్మాయి.

"నేనా?" ఆయన చెయ్యి మీటల మీదే ఆగిపోయింది. "నేను ఇప్పుడే కదే వైరు గుచ్చింది. అంతకుముందు అసలు వాయించలేదు."

పొడుగు కుర్రాడు గిటారు తీగల మీద అరచెయ్యి ఆనించాడు.

స్వరం ఇంకా వస్తూనే ఉంది.

నాకూ వినబడిందిగానీ నా చెవిలో మోతే అనుకున్నాను, అన్నాడు తాతయ్య, తల దించుకుని. ఆయనకీ ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. పనిలోంచి తీసేస్తారని దాచుకున్నాడు. నాకూ ఉంది, అన్నాడు పొడుగు కుర్రాడు. పాటలక్క కళ్ళు తుడుచుకుంది. మా అమ్మాయి మోత ఎడమవైపే ఉంటుంది. ఇది రెండు వైపులా ఉంది. అందుకే కీబోర్డనుకుంది.

ఏ యంత్రమో గుంయిమంటోందని మాస్టర్ ఒక్కొక్క వైరే పీకించాడు. గిటారు పెట్టె. కీబోర్డు. బోర్డు. ఆఖరికి తాళం పెట్టె కూడా.

ఆగలేదు.

మూలన గుడ్డ కప్పి ఒక స్పీకరు ఉంటుంది. నెమ్మది గారి పక్కన ఉండేదే. ఆయన పోయాక దాన్ని ఎవరూ వాడలేదు. వైరు చుట్ట చుట్టి దాని నెత్తిమీదే పెట్టి ఉంది. స్వరం అందులోంచి వస్తోంది.

"ఎలకలు దూరి ఉంటాయి," అని మాస్టర్ నవ్వాడు. గుడ్డ లాగాడు. దాని ముందు వంగాడు.

సరిగ్గా ఆ రోజు నెమ్మది గారు వంగినట్టే.

అప్పుడు దీపం సన్నగిల్లింది... పోలేదు, మసకబారింది. మా అమ్మాయి అరచేతిలో ఎవరో ఏదో పెట్టారు. మెత్తగా ఉంది. వేళ్ళు మూసి, చేతిమీద తట్టారు. పక్కనున్న పాటలక్కే అనుకుంది. డబ్బాలోంచి ఎలాగో తీసి ఇచ్చిందనుకుంది. ఆలోచించకుండా రెండు చెవుల్లోనూ పెట్టేసుకుంది. పక్కన మిగతా ముగ్గురి చేతులూ చెవుల దగ్గరికి వెళ్ళడం మసకలో కనబడింది.

మాస్టర్ స్పీకరుకి చెవి ఆనించాడు.

కూసింది.

బిరడాలున్నా కాళ్ళకింద నేల అదిరిందమ్మా అంది. గోడల మీద నల్లగుడ్డ ఉబ్బిందట. ఎంతసేపో తెలియదు. ఆగేసరికి మాస్టర్ నేలమీద ఉన్నాడు, రెండు చెవులూ మూసుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని.

గదిలో ఇప్పుడు ఏ స్వరమూ లేదు. అయినా ఆయన 'ఆపండి, ఆపండి' అంటూనే ఉన్నాడు.

మాస్టారూ అని తాతయ్య పిలిచాడు. మామూలు గొంతుతోనే. ఆయన వణికిపోయి చెయ్యెత్తాడు.

"నెమ్మది... నెమ్మది..."

వాచ్‌మన్ని పిలిచి ఆసుపత్రికి చేర్చారు. అక్కడినుంచి ఎవరి దారిన వాళ్ళు వచ్చేశారు.

మా అమ్మాయి తలుపు దగ్గర తడిసి నిలబడింది. నేను మొదట అడిగింది చెవి సంగతే.

"నా మోత నాకే ఉందమ్మా. ఎడమవైపే, ఎప్పటిలాగే. చిన్నదే." బిరడాలు చెవుల్లోనే ఉన్నాయి. నా మాట సరిగ్గా వినబడక, నా పెదాలు చూసి జవాబు చెప్తోంది. నేనే తీశాను.

రబ్బరువి కావు. మైనంవి. దూది కలిపినవి.

రెండిటినీ కలుపుతూ ఒక దారం ఉంది.

నేను మిషను దగ్గర కూర్చుండిపోయాను. నా సొరుగులో ఆ రీలు ఇంకా ఉంది. పక్కన పెట్టి చూశాను. పెట్టకపోయినా తెలుసు.

పాటలక్కకి ఫోన్ చేశాను. ఇల్లు చేరావా తల్లీ అన్నాను. చేరాను పిన్నీ అంది. ఇంకో మాట అడిగాను. ఆగి, చూసి చెప్పింది.

"ఆకుపచ్చ."

పొడుగు కుర్రాడికి చేశాను. వాళ్ళమ్మ ఎత్తింది. వచ్చాడు వదినా, అన్నం కూడా తినకుండా పడుకున్నాడు, మెళ్ళో ఏదో దారం వేసుకున్నాడు తియ్యనంటున్నాడు అంది. రంగు నేను అడగలేదు. ఆవిడే చెప్పింది.

తాతయ్య తనే చేశాడు. ఈ దారం నువ్వేమైనా ఇచ్చావేంటమ్మాయ్ అని అడిగాడు. ఇచ్చాను, అన్నాను. చాలా రోజులైంది.

మర్నాడు కరెంటు మనిషి వచ్చి చూశాడట. ఎక్కడో వైరుకి వైరు తగిలి ఉంటుందన్నాడు. తగిలే ఉండొచ్చు. నేను వాదించను. ఇప్పుడు ఆ గదిలో ఫ్యాన్ ఆపినా ఏమీ వినబడటం లేదని వాచ్‌మన్ చెప్పాడు. మాస్టర్ ఇంట్లో మాత్రం ఫ్యాన్లన్నీ ఆగకుండా తిరుగుతున్నాయట.

ఆ రోజు పడుకునేముందు మరోసారి లెక్కపెట్టుకున్నాను. పాటలక్క. పొడుగు కుర్రాడు. తాతయ్య. నా పక్కన, కుడివైపు తిరిగి నిద్రపోతున్న నా కూతురు.

నలుగురూ క్షేమంగా ఇల్లు చేరారు.

మాస్టర్ ఇంటి నంబరు నా దగ్గర ఉంది. ఫోన్ చెయ్యలేదు.