మల్లి వీపు వంచిన చోటు

ఉదయం తొమ్మిదింటికి ఇందుజ మీట నొక్కగానే ఏనుగుగుట్ట జంతుశాలలో పులి కళ్ళు తెరిచింది. తరువాత జింకలు, నెమళ్ళు లేచాయి. చెరువు గట్టున మొసలి మాత్రం కదల్లేదు. అది బతికున్న రోజుల్లో కదలగా చూసినవాళ్ళు బహు తక్కువ.

వేడి సంవత్సరాల్లో ఊళ్ళో పిచ్చుకల దగ్గర్నుంచి అడవిలో ఏనుగుల దాకా పోయాక, మనుషులకు మిగిలింది వాటిని చూసిన జ్ఞాపకమే. పాత వీడియోలు, ఉత్తరాలు, జనం తలుచుకుని చెప్పిన మాటలు, అన్నీ పోగుచేసి ‘చూపుల కోశం’లో చేర్చారు. కోశంలోని చూపులన్నీ కలిపి, బొచ్చూ కృత్రిమ కండరాలూ ఉన్న ఒంట్లోకి ఎక్కిస్తే లేచి నిలబడేదే చూపుజీవి. ఇప్పుడు హనుమకొండలో ఏ కిటికీ తెరిచినా చూపుపిచ్చుకలే. అవి రెట్టలు వెయ్యవు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని ఎవరూ చెప్పలేదు.

జంతుశాలకు వచ్చే ప్రతి సందర్శకుడూ కణత మీద చూపుబిళ్ళ అంటించుకోవాలి. వాళ్ళు ఏం చూశారో, చూసి ఏమనుకున్నారో అది కోశానికి పంపుతుంది. తెల్లారేసరికి జంతువు ఆ మేరకు మారుతుంది. ఎక్కువమంది ఎట్లా చూస్తే అది అట్లా ఉంటుంది. పాత చూపుల కన్నా కొత్త చూపులకే బరువు ఎక్కువ. ఈ మార్పులను సరిచూడటం పన్నెండేళ్ళుగా ఇందుజ ఉద్యోగం.

ఆ రోజు ఎలుగుబంటి వంతు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కింద చనిపోయిన ‘రాణి’ని మర్నాడు జనానికి చూపించాలి. రెండు లక్షల పదకొండు వేల చూపులు పోగయ్యాయి. అందులో ఒకటి ఇందుజదే. ఆరేళ్ళ వయసులో నాన్న భుజాల మీద కూర్చుని ఆమె రాణి డాన్సు చూసింది. మూడు ఊపులు ఇటు, మూడు ఊపులు అటు. గోడ దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ముందుకాళ్ళు మడిచి నేలకు వంగి నమస్కారం. నాన్న పోయాక కూడా కళ్ళు మూసుకుంటే ఆమెకు ఆయన భుజాలూ ఆ నమస్కారమూ కలిసే కనిపించేవి.

చూపుజీవిని జనంలోకి వదలాలంటే, అసలు జంతువును ఎరిగినవాళ్ళు ఒకరు సాక్షిగా సంతకం పెట్టాలని చట్టం. రాణిని సాకిన సమ్మయ్య ఇంకా ఉన్నాడు. ఎనభై ఒకటో ఏడు. కర్ర పట్టుకుని, ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ వేసుకుని వచ్చాడు.

ఎలుగుబంటి లేచి నిలబడగానే ఆయన ముఖం వెలిగింది. “మల్లీ!” అని పిలిచాడు.

“బోర్డు మీద రాణి అని ఉంది కదా తాతా?”

“అది బోర్డుకు. నాకు మల్లే.”

ఎలుగు ఊగడం మొదలుపెట్టింది. మూడు ఇటు, మూడు అటు. గోడ దగ్గర తిరిగి వంగింది. సమ్మయ్య మొహంలో వెలుగు పోయింది. ఇందుజ కుర్చీ తెచ్చి కూర్చోబెట్టి, నీళ్ళు ఇచ్చింది.

“గిది డాన్సు గాదు బిడ్డా,” అన్నాడాయన చివరికి. “మల్లి ఒక పిల్లను కన్నది. పన్నెండు రోజులు వెనక గదిల ఉన్నది. నేను తప్ప ఎవ్వలూ సూడలె. తర్వాత ఆ పిల్లను వేరే ఊరి జూకు పంపిన్రు. ఆ గోడ పక్కనుంచే బండి పోయింది.”

“తరవాత?”

“ఎలుగు తన పిల్లను ఎట్ల మోస్తదో ఎరుకేనా? వీపు మీద. పిల్ల ఎక్కాల్నంటే తల్లి వంగాలె. ఎనిమిదేండ్లు గోడకాడికి పోయి వాసన సూసుడు, వెనకకు తిరిగి వీపు వంచుడు. ఎక్కుతదేమోనని. జనం నమస్తే పెట్టిందని చప్పట్లు కొడుతుండె. నేను రోజూ రిజిష్టర్ల రాసిన. పిల్ల కోసం తిరుగుతున్నది, పిల్లను తెప్పియ్యుండ్రి అని. ఎవ్వలు సదివిన్రు?”

ఇందుజకు ఆ రిజిస్టర్ల సంగతి తెలుసు. కోశంలోకి సందర్శకుల చూపులే తప్ప సిబ్బంది రాతలు తీసుకోలేదు. వాటిని ఎప్పుడో తగలబెట్టేశారు.

ఆమె తెర మీద రాణి పుట తెరిచింది. కదలిక, చప్పుడు, నడక అన్నీ నిండి ఉన్నాయి. ‘కారణం’ అన్న చోట కోశం తనంతట తానే ‘సంతోషం’ అని రాసుకుంది. చప్పట్ల చప్పుడును బట్టి కట్టిన లెక్క అది.

“సాక్షి చెబితే ఈ ఒక్క మాట మార్చవచ్చు,” అంది ఇందుజ.

“అయితే మార్చు. గప్పుడే సంతకం పెడత.”

మార్చితే తన ఆరేళ్ళ వయసునాటి ఆ రోజు ఏమవుతుందో ఆమెకు తెలుసు. అయినా మార్చింది. ‘పిల్లను వెతుకుతోంది.’ పిల్లను పిలిచేటప్పుడు మల్లి చేసే చప్పుడును సమ్మయ్య గొంతులోంచి తీసి వినిపించాడు. తేనెటీగల తుట్టెలా సన్నగా, ఆగకుండా సాగే గుర్రు. ఆమె దాన్నీ చేర్చింది. సమ్మయ్య సంతకం పెట్టాడు.

మర్నాడు జనం విరగబడ్డారు. ఎలుగు అవే అడుగులు వేసింది. కానీ ఈసారి గోడ దగ్గర ముట్టె ఆనించి చాలాసేపు నిలబడింది. తిరిగి, వీపు వంచి, ఆ గుర్రు చేస్తూ మెడ వెనక్కి తిప్పి వీపు వైపు చూసుకుంది. చప్పట్లకు లేచిన చేతులు లేచినచోటే ఆగిపోయాయి. బిడ్డను చంకనేసుకున్న ఒకామె గబగబా బయటికి నడిచింది. మరునాడు ఆమే తిరిగి వచ్చి గంటసేపు నిలబడింది.

నాలుగు రోజుల్లో తొమ్మిది వేల మంది వచ్చారు. కంచె దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. జంతుశాల సూపరింటెండెంటు విఠల్‌కు ఈ జనాన్ని చూసి సంబరంగానే ఉంది. సమ్మయ్య మాత్రం నాలుగో రోజు ఇందుజ గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

“తప్పు జేసిన బిడ్డా. తీసెయ్.”

“నిజమే కదా తాతా చెప్పారు?”

“నిజమే. గని అసలు మల్లికి చావన్నా దొరికింది. ఎనిమిదేండ్లకు దాని బాధ తీరింది. దీనికేడిది చావు?”

ఇందుజ శిక్షణలో నేర్చుకున్న మాటే చెప్పింది. “చూపుజీవికి బాధ ఉండదు. బాధలా కనిపిస్తుంది, అంతే.”

“జంతువులకేం తెలుస్తదని గప్పుడు గూడ గిట్లనే అన్నరు.”

ఇందుజ “పిల్లను కూడా తయారుచేయిద్దాం” అని దరఖాస్తు పెట్టి చూసింది. ఒక చూపుజీవికి కనీసం వంద మంది చూపులు కావాలి. ఆ పిల్లను చూసింది ఒక్క సమ్మయ్య. ఆయన చెప్పిందంతా కలిపినా, తెర మీద కళ్ళు లేని నల్లటి ముద్ద ఒకటి తేలి చెదిరిపోయింది. దరఖాస్తు తిరిగి వచ్చింది.

అందుకని ఆ సాయంత్రం ఆమె సాక్షి మాటను తీసేసింది. ‘సంతోషం’ అన్న మాట దాని చోటికి అది వచ్చి చేరింది. గుర్రునూ తీసేసింది.

మర్నాడు ఎలుగు డాన్సు చేసింది. మూడు ఇటు, మూడు అటు, నమస్కారం. కొందరు పిల్లలు చప్పట్లు కొట్టారు. సమ్మయ్య కంచె బయట నిలబడి చూసి ఇంటికి వెళ్ళిపోయాడు. కానీ పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టలేదు. “పాపం, ఇంకా వెతుకుతోంది చూడు” అని ఒకరికొకరు చెప్పుకున్నారు. మొదటిసారి వచ్చినవాళ్ళకూ ఆ మాట అందింది. వాళ్ళ కణతల మీది బిళ్ళలన్నీ ఆ చూపులనే కోశానికి పంపాయి.

మూడో రోజుకు ఎలుగు గోడ దగ్గర ఆగింది. ఐదో రోజుకు మెడ తిప్పి వీపు వైపు చూసుకుంది. వారం తిరిగేసరికి గుర్రు కూడా వచ్చింది. ఇందుజ పుట తెరిచి చూస్తే ‘సంతోషం’ ఎప్పుడు పోయిందో పోయింది. ఆ చోట ఎవరి పేరూ లేకుండా ‘వెతుకుతోంది’ అని ఉంది. సందర్శకుల చూపులను చెరిపే అధికారం ఆమెకు లేదు. విఠల్‌కూ లేదు. చట్టం చేసినవాళ్ళు ఆ మీటే పెట్టలేదు. రెండు లక్షల మంది సంతోషాన్ని చూశారు. కానీ ఒక్కసారి దుఃఖాన్ని చూసిన కళ్ళకు మళ్ళీ సంతోషం కనబడటం లేదు. ఇందుజ కూడా ఎంత ప్రయత్నించినా అందులో డాన్సును చూడలేకపోయింది.

ఆమె సమ్మయ్య ఇంటికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన విని, కర్ర అందుకుని లేచాడు.

“లోపటికి పోనిస్తరా?”

“ఏం చేస్తారు తాతా?”

“గప్పుడేం జేసిన్నో గదే.”

విఠల్ మొదట ఒప్పుకోలేదు. ఇందుజ తన పూచీ మీద తలుపు తీసింది. సమ్మయ్య చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, గోడకు పది అడుగుల దూరంలో నేల మీద కూర్చున్నాడు. ఎలుగు గోడ దాకా వెళ్ళింది, వాసన చూసింది, తిరిగింది, వంగింది. ఎవరూ ఎక్కలేదు. ఆయన చెయ్యి చాపి, గొంతులోంచి ఆ గుర్రును తీశాడు. ఎలుగు తలెత్తింది. మెల్లగా వచ్చి ఆయన అరచేతిలో ముట్టె పెట్టింది. గుర్రు ఆగింది. నాలుగు ఊపిరుల సేపు అట్లా ఉండి, మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళింది.

“గప్పుడు గూడ గంతే,” అన్నాడు సమ్మయ్య. “గా కొంచెం సేపే.”

సాయంత్రం ఐదు కావచ్చింది. జనం వెళ్ళిపోతున్నారు. పులి ఆగిపోయింది, జింకలు ఆగిపోయాయి. ఇందుజ ఎలుగు మీట మీద వేలు పెట్టి నిలబడింది.

“బందు జేస్తే దీనికేమయితది బిడ్డా?”

“ఆగిపోతుంది.”

“మల్ల పొద్దుగాల?”

“ఎక్కడ ఆగితే అక్కడి నుంచే మొదలవుతుంది. మధ్యలో రాత్రి గడిచినట్టు దానికి తెలియదు.”

సమ్మయ్య గోడ వైపు చూశాడు. ఎలుగు అక్కడ వీపు వంచి ఉంది.

“అయితే గోడకాడ ఆపకు. నా తానికి వచ్చినప్పుడు ఆపు.”

ఐదు దాటింది. ఎలుగు రాలేదు. గోడ దగ్గరే రెండుసార్లు తిరిగి, రెండుసార్లు వంగింది. బయటి గేటు మూస్తున్న చప్పుడు వినిపించింది. ఇందుజ వేలు తీయలేదు. ఆయన చెయ్యి దించలేదు. ముసలి మోచేతి కింద రెండో చేత్తో ఆసరా పెట్టుకున్నాడు. మూడోసారి వంగి లేచాక ఎలుగు ఇటు తిరిగింది. నడిచి వచ్చి ఆయన అరచేతిలో ముట్టె ఆనించి, కళ్ళు సగం మూసింది.

ఇందుజ మీట నొక్కింది.

ఎలుగు ఆగిపోయింది. సమ్మయ్య మాత్రం చెయ్యి తీయలేదు. తీస్తే ఎక్కడ మేలుకుంటుందోనన్నట్టు చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు.