ప్రిస్సిల్లా ఖాళీ గళ్ళు

"వీసా కాగితాలు ఇంకా తేలనేలేదు. నువ్వా బొమ్మ తీసుకెళ్ళి అక్కడ పెడితే ఏం ముంచుకొస్తుందో ఏమో. నాకు గుండె దడగా ఉందే!" అంది వసంతకుమారి, లంచ్ బాక్స్ మూత మూడోసారి నొక్కి చూస్తూ.

"మమ్మీ, వీసా ఆఫీసర్ వచ్చి సెవెన్త్ గ్రేడ్ బొమ్మలు చూడడు," అంది ప్రిస్సిల్లా.

క్లాసులో వాళ్ళొక బొమ్మల పుస్తకం చదివారు. ఒక నల్లజాతి స్త్రీ తన చిన్నతనాన్ని తానే గీసి కూతురికి చెప్పిన కథ. తెల్లపిల్లల బడికి మొదటి రోజు వెళ్తుంటే గేటు దగ్గర కేకలు వేసే పెద్దమనుషులు, చెయ్యి వదలని తల్లి. మీ ఇంట్లో పెద్దవాళ్ళ చిన్నతనాన్నీ అలా ఒక పేజీలో గీయమంది టీచర్. సాయంత్రం అవన్నీ లైబ్రరీ గోడ మీద పెడతారు. తల్లిదండ్రులంతా వస్తారు.

అమెరికాలోని ఈ ప్లెయిన్స్‌బరో ఊళ్ళో ఆ వచ్చేవాళ్ళలో సగం తెలుగువాళ్ళే. వసంతకుమారి అసలు భయం అక్కడుంది. ఎనిమిదేళ్ళుగా ఎవరు ఊరడిగినా "గుంటూరు దగ్గర" అనేసి, ఊళ్ళో ఏ వైపని అడిగేలోపే మాట మార్చేస్తోంది.

"ఏదీ, చూపించు."

పేజీలో ఆరు గళ్ళు. మొదటి దాంట్లో వెనక్కి తిరిగి నిలబడ్డ చిన్న పిల్ల. మిగతా అయిదూ ఖాళీ. అడుగున ఇంగ్లీషులో ఒకే మాట: మా అమ్మ చెప్పదు.

"ఇదేం పరువు తక్కువే? పొలమో, పూలో గీసెయ్యొచ్చుగా!"

"అబద్ధం గీయాలా? ఎప్పుడూ మీదే ఊరని అడిగే రాధారాణి ఆంటీ చూస్తారనేగా నీ టెన్షన్?"

వసంతకుమారి చెయ్యి ఆగలేదు. కాగితం రెండు ముక్కలైంది.

ప్రిస్సిల్లా ఏడవలేదు. అది చూసే తల్లికి ఎక్కువ భయమేసింది.

"ఆ బుక్‌లో మమ్మీ అంతా చెప్పింది తన పాపకి," అంది పిల్ల మెల్లగా. "నిన్ను కూడా అలా చేశారా స్కూల్లో?"

కారు తాళాలతో వచ్చిన తండ్రి దేవకుమార్ గుమ్మంలోనే ఆగిపోయాడు. కిటికీ అవతల స్కూల్ బస్ వచ్చి, కాసేపు చూసి, వెళ్ళిపోయింది. ప్లేట్లో ఉప్మా చల్లారిపోయింది.

వసంతకుమారి కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చుంది.

"మా మాష్టారు నా పలక ముట్టుకునేవాడు కాదే. నేల మీద పెట్టి నేను దూరంగా జరిగితే, బెత్తంతో చూపించి 'సర్లే, పో' అనేవాడు. అందరి పలకల మీదా రైటు ఉండేది. మా నాన్న చూస్తాడని, ఇంటికెళ్ళే దారిలో నా రైటు నేనే పెట్టుకునేదాన్ని."